పుట వెనుక పుట

ఉద్దేశ్యం

అంతర్జాలంలో మనకు కనిపించే ప్రతి పుట వెనుక, కంటికి కనిపించని మరొక పుట ఉంటుంది. ఆ రెండవ పుటను చూపగల సాధనాలు మనం ప్రతిదినం వాడే బ్రౌజరులోనే ఉచితంగా ఉన్నాయి. వాటిని గుర్తించి ఉపయోగించడం, తెలుగు అక్షరం కంప్యూటరులో ఏ రూపంలో నిలిచి ఉన్నదో పరిశీలించడం, తెరపై కనిపించినదంతా నిజమని నమ్మకుండా వివేకంతో మెలగడం విద్యార్థులకు నేర్పడమే ఈ పాఠం ఉద్దేశ్యం.

ప్రవేశిక

ఈ పాఠ్యభాగం వ్యాస ప్రక్రియకు చెందినది. ఒక విషయాన్ని స్వీకరించి, ఉదాహరణలతో క్రమబద్ధంగా వివరించేది వ్యాసం. శాస్త్ర సాంకేతిక విషయాలను తెలుగులో చెప్పుకోవడం సాధ్యమేనని నిరూపించే రచనలలో ఇది ఒకటి. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల విద్యార్థులకు పరిచితమైన కళలను, అనుభవాలను ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం సాగుతుంది.

పాఠం

స్వర్ణముఖీ నదీతీరంలో వెలసిన శ్రీకాళహస్తి పట్టణం కలంకారీ కళకు పుట్టినిల్లు. అక్కడి అంగళ్లలో వేలాడే వస్త్రాన్ని చూసినప్పుడు మన కంటిని మొదట ఆకర్షించేది రంగు. కాని చిత్రకారుని చేతిలో అన్నిటికంటె చివర చేరేది ఆ రంగే. అతడు మొదట నూలు వస్త్రాన్ని కరక్కాయ రసం కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెడతాడు. చింతపుల్లలను కాల్చి చేసిన బొగ్గుతో బొమ్మకు రూపురేఖలు దిద్దుతాడు. ఇనుపముక్కలు, బెల్లం, నీరు కలిపి పులియబెట్టిన నల్లని ద్రవంలో కలాన్ని ముంచి ఆ రేఖలను స్థిరపరుస్తాడు. పటిక పూసి, ఉడికించి, పారే నీటిలో ఉతికిన తరువాత ఎరుపు, పసుపు, నీలం ఒక్కొక్కటిగా చోటు చేసుకుంటాయి. వస్త్రం పూర్తయిన పిమ్మట చూసేవారు రంగును మెచ్చుకుంటారు. పని తెలిసినవారు మాత్రం ఆ రంగు అడుగున ఉన్న నల్లగీతను వెతుకుతారు. గీత సరిగా లేనిదే ఎంత చక్కని రంగైనా బొమ్మను నిలబెట్టలేదని వారికి తెలుసు.

కంప్యూటరు తెరపై కనిపించే జాలపుట కూడ ఇటువంటిదే. దానికీ ఒక నల్లగీత ఉన్నది. ఆ గీతను చూడడం ఎట్లాగో, చూడడం వలన ప్రయోజనమేమిటో ఇప్పుడు తెలుసుకుందాం.

జాలపుట నిర్మాణం

స్విట్జర్లాండులోని జెనీవా నగరం చెంత 'సెర్న్' అనే పరిశోధన సంస్థ ఉన్నది. అక్కడ పనిచేసిన టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రపంచవ్యాప్త జాలానికి, అనగా వరల్డ్ వైడ్ వెబ్‌కు రూపకల్పన చేశాడు. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ ఈ సాంకేతిక విజ్ఞానాన్ని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చునని ప్రకటించింది. జాలం ఇంత వేగంగా వ్యాపించడానికి ఆ ఔదార్యం ఒక ముఖ్యకారణం.

జాలపుటను రాసే భాషకు హెచ్.టి.ఎం.ఎల్. అని పేరు. ఈ భాషలో పుటలోని ప్రతి భాగానికీ ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తును 'ట్యాగు' అంటారు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది బొమ్మ, ఇది మరొక పుటకు దారితీసే లంకె అని ట్యాగులు బ్రౌజరుకు తెలియజేస్తాయి. ప్రధాన శీర్షికకు 'హెచ్ 1', పేరాకు 'పి', లంకెకు 'ఎ' అనే ట్యాగులు వాడుకలో ఉన్నాయి. ఒక ట్యాగులో మరొక ట్యాగు, దానిలో ఇంకొకటి ఇమిడి ఉండటం చేత పుట మొత్తం కొమ్మలు, ఉపకొమ్మలు గల వృక్షంవలె ఏర్పడుతుంది.

కలంకారీలో బొగ్గుగీత చేసే పనిని జాలపుటలో హెచ్.టి.ఎం.ఎల్. చేస్తుంది. రంగులు, అక్షరాల పరిమాణం, ఖాళీల అమరిక మొదలైన అలంకరణను సి.ఎస్.ఎస్. అనే మరొక భాష నిర్ణయిస్తుంది. బటను నొక్కినప్పుడు పుటలో కలిగే చలనాన్ని జావాస్క్రిప్ట్ అనే భాష నడిపిస్తుంది. నిర్మాణం, అలంకారం, చలనం అనే ఈ మూడింటి కలయికయే మనం చూసే జాలపుట.

ఉచిత సాధనాలు

ఈ నిర్మాణాన్ని చూడటానికి ధనం వెచ్చించవలసిన పని లేదు. ఏ కొత్త సాఫ్ట్‌వేరునూ కొని తేనక్కరలేదు. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజరులన్నింటిలోను ఆ సాధనాలు సిద్ధంగానే ఉన్నాయి.

మొదటి సాధనం 'వ్యూ సోర్స్'. ఏదైనా ఒక పుటను తెరచి, కంట్రోల్ కీని నొక్కిపట్టి 'యు' అక్షరాన్ని నొక్కితే ఆ పుట మూలరూపం కొత్త ట్యాబులో కనబడుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులోని క్రోమ్ బ్రౌజరులో పుట చిరునామాకు ముందు 'వ్యూ-సోర్స్' అనే ఆంగ్ల పదాన్ని, దాని తరువాత రెండు చుక్కల గుర్తును చేర్చి ఈ రూపాన్ని చూడవచ్చు.

రెండవ సాధనం 'ఇన్‌స్పెక్టర్'. దీనిని పరిశీలక సాధనం అనవచ్చు. పుటలో మనకు కావలసిన చోట మౌస్ కుడి బటను నొక్కి, వచ్చిన జాబితాలో 'ఇన్‌స్పెక్ట్' అనే మాటను ఎంచుకోవాలి. ఎఫ్ 12 కీని నొక్కినా ఇదే సాధనం తెరచుకొంటుంది. ఆపిల్ కంప్యూటరులోని సఫారీ బ్రౌజరులో మాత్రం సెట్టింగులలో ముందుగా దీనికి అనుమతి ఇవ్వవలసి ఉంటుంది.

ఈ రెండు సాధనాలకు ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. 'వ్యూ సోర్స్' దూరాన ఉన్న సర్వరు నుంచి పుట ఏ రూపంలో వచ్చిందో ఆ రూపాన్నే చూపుతుంది. 'ఇన్‌స్పెక్టర్' జావాస్క్రిప్ట్ తన పని చేసిన తరువాత, ప్రస్తుత క్షణంలో పుట ఏ రూపంలో ఉన్నదో చూపుతుంది. మొదటిది అంగడికి వచ్చిన పచ్చి సరుకు. రెండవది వంట పూర్తయి విస్తరిలో వడ్డించిన అన్నం.

ఈ సాధనాలు ఒక్కనాటితో వచ్చినవి కావు. ఫైర్‌ఫాక్స్ తొలి సంచిక 2004 నవంబరులో వెలువడింది. 2006లో జో హెవిట్ అనే నిపుణుడు దానికి 'ఫైర్‌బగ్' అనే ఉచిత అనుబంధాన్ని రూపొందించాడు. పుటలోని ఏ భాగాన్నైనా చూపి దాని నిర్మాణాన్ని పరిశీలించే సౌకర్యాన్ని వేలాదిమంది అలవరచుకొన్నది దానితోనే. 2008లో వెలువడిన క్రోమ్‌లో పరిశీలక సాధనం అంతర్భాగంగానే వచ్చింది. క్రమంగా ఫైర్‌ఫాక్స్ కూడ తనలోనే అటువంటి సాధనాన్ని చేర్చుకున్నది. 2017లో ఫైర్‌బగ్ విశ్రమించింది. ఒకనాడు వెతికి తెచ్చుకోవలసిన పనిముట్టు నేడు ప్రతి బ్రౌజరులోను పుట్టుకతోనే ఉన్నది.

వీటికి తోడుగా మరికొన్ని ఉచిత సౌకర్యాలు ఉన్నాయి. జాల ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూ3సి సంస్థ ఒక పుటలోని ట్యాగుల తప్పులను చూపే పరీక్షకాన్ని ఉచితంగా నడుపుతున్నది. అమెరికాలోని వెబ్‌ఎయిమ్ సంస్థ రూపొందించిన 'వేవ్' అనే అనుబంధం, దృష్టిలోపం ఉన్నవారికి ఒక పుట ఎంతవరకు అందుబాటులో ఉన్నదో తెలుపుతుంది. ఇట్టి అనుబంధాలను వాటిని తయారుచేసినవారి అధికారిక స్థానాల నుంచి, లేక బ్రౌజరు సొంత భాండారం నుంచి మాత్రమే తెచ్చుకోవాలి. ఎవరో పంపిన లంకె నుంచి తెచ్చుకోవడం మంచిది కాదు.

ఒక అభ్యాసం

కళాశాల కంప్యూటరు ప్రయోగశాలలో ఈ పనిని స్వయంగా చేసి చూడండి. తెలుగు వికీపీడియాలో 'తిరుపతి' అనే వ్యాసాన్ని తెరవండి. వ్యాసం పేరుపై మౌస్ ఉంచి, కుడి బటను నొక్కి, 'ఇన్‌స్పెక్ట్' ఎంచుకోండి. తెర రెండు భాగాలవుతుంది. ఒక భాగంలో పుట, రెండవ భాగంలో దాని నిర్మాణం కనిపిస్తాయి. 'తిరుపతి' అనే పేరు 'హెచ్ 1' ట్యాగు లోపల ఉండటం గమనించండి. పుట మొదట్లో ఉన్న ట్యాగులో 'టి', 'ఇ' అనే రెండు ఆంగ్లాక్షరాలు కనిపిస్తాయి. ఈ పుట తెలుగు భాషలో ఉన్నదని అవి బ్రౌజరుకు తెలిపే చిన్న ప్రకటన.

ఇప్పుడు నిర్మాణ భాగంలో 'తిరుపతి' అనే మాటపై రెండుసార్లు నొక్కి, దాని స్థానంలో 'చిత్తూరు' అని రాసి ఎంటర్ నొక్కండి. పుటలో శీర్షిక వెంటనే మారిపోతుంది! కంగారు పడనవసరం లేదు. మారినది మీ తెరపై ఉన్న ప్రతి మాత్రమే. వికీపీడియా సర్వరులో ఉన్న వ్యాసానికి ఏ హానీ కలుగలేదు. పుటను మరల తెరిస్తే 'తిరుపతి' యథాస్థానంలో ప్రత్యక్షమవుతుంది.

ఈ చిన్న ప్రయోగం ఒక పెద్ద సత్యాన్ని బోధిస్తుంది. తెరపై కనిపించిన దానికి ఫొటో తీసి పంపితే అది సాక్ష్యం కాజాలదు. పరీక్షా ఫలితాల పుటలో అంకెలను మార్చి, ఆ తెరచిత్రాన్ని ఇతరులకు చూపడం రెండు నిమిషాల పని. బ్యాంకు ఖాతాలోని నిల్వను మార్చి చూపడం కూడ అంతే తేలిక. కనుక తెరచిత్రాన్ని చూసి ఎవరి మార్కులనూ, ఎవరి చెల్లింపులనూ నమ్మరాదు. మూలస్థానంలో స్వయంగా సరిచూసుకోవాలి. ఈ విద్య తెలిసినవాడు ఇతరులను మోసగించడం నేరం. ఈ విద్య తెలియనివాడు మోసపోవడం సులభం.

తెలుగు అక్షరం కథ

పుట వెనుక పుటను చూడటం మన భాషకు ఎంత ఉపకరించిందో తెలిపే ఒక ఉదంతం ఉన్నది.

2000 ప్రాంతంలో తెలుగు పత్రికలు అంతర్జాలంలోకి ప్రవేశించాయి. ఆనాటి సాధారణ కంప్యూటరులలో తెలుగు అక్షరాలను ప్రదర్శించే ఏర్పాటు ఇంకా వ్యాపించలేదు. అందుచేత ఈనాడు, వార్త మొదలైన పత్రికలు తమ సొంత ఫాంటులను వాడాయి. వాటి పద్ధతి చిత్రమైనది. కంప్యూటరు లోపల ఉండేవి ఆంగ్లాక్షరాలు, ఇతర చిహ్నాలు. వాటికి పైన తెలుగు అక్షరాకృతులను తొడిగేవారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో చక్కని తెలుగు కనబడేది. ఫాంటు లేనిచోట అర్థం పర్థం లేని గుర్తులు కనబడేవి. 'వ్యూ సోర్స్' తెరచి చూస్తే అసలు సంగతి బయటపడేది. ఆ పుటలో ఒక్క తెలుగు అక్షరం కూడ లేదు! ఉన్నది తెలుగు వేషం మాత్రమే. ఒక పత్రిక వేషం మరొక పత్రికకు పనికివచ్చేది కాదు. అందువలన ఆ పుటలలో తెలుగు మాటతో వెతికితే ఏదీ దొరికేది కాదు.

దీనికి పరిష్కారం యూనికోడ్. ప్రపంచభాషల అక్షరాలన్నింటికీ విడివిడిగా సంఖ్యలు కేటాయించిన ప్రమాణమిది. 1991లో వెలువడిన తొలి సంచికలోనే తెలుగుకు స్థానం లభించింది. దీని ప్రకారం 'తిరుపతి' అనే మాట మన కంటికి నాలుగక్షరాలుగా కనిపించినా, కంప్యూటరుకు ఏడు సంఖ్యలు. 'త', గుడి, 'ర', కొమ్ము, 'ప', 'త', గుడి అని అది లెక్కిస్తుంది. 'చిత్తూరు' అనే మాట ఎనిమిది సంఖ్యలు. ఫాంటు మారినా, కంప్యూటరు మారినా, దేశం మారినా ఆ సంఖ్యలు మారవు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి 'గౌతమి' అనే తెలుగు ఫాంటుతో యూనికోడ్ తెలుగును చూపగలిగింది.

అయితే అప్పటికే సొంత ఫాంటులలో పేరుకుపోయిన రచనల గతి ఏమి? ఈ ప్రశ్నకు వెన్న నాగార్జున ఒక సమాధానం చూపాడు. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టినవాడు కూడ ఇతడే. ఇతడు 'పద్మ' అనే ఉచిత అనుబంధాన్ని ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు రూపొందించాడు. సొంత ఫాంటుతో ఉన్న పుటను తెరచినప్పుడు 'పద్మ' దానిలోని ప్రతి సంకేతాన్ని దానికి సరియైన యూనికోడ్ అక్షరంగా మార్చి చూపేది. పాఠకుడు ఆయా ఫాంటులను తెచ్చుకోవలసిన శ్రమ తప్పింది. ఏ గుర్తుకు ఏ అక్షరం వేషమో ఒక్కొక్కటిగా పోల్చి చూడనిదే ఇట్టి పని సాధ్యం కాదు. తెరపై ఉన్న తెలుగును చూసి తృప్తిపడక, దాని వెనుక ఏమున్నదో చూసిన దృష్టియే ఈ సాధనానికి మూలం.

తరువాతి కాలంలో పత్రికలు యూనికోడ్‌కు మారాయి. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ పాతపద్ధతి అనుబంధాలకు స్వస్తి చెప్పింది. 'పద్మ' వంటి సాధనం అవసరం క్రమంగా తగ్గింది. కాని సమస్య పూర్తిగా తొలగిపోలేదు. నేటికీ అనేక తెలుగు ప్రకటనలు అక్షరాలుగా గాక బొమ్మలుగా జాలంలో చేరుతున్నాయి. మీకు సందేహం కలిగినప్పుడు పరిశీలక సాధనంతో చూడండి. తెలుగు వాక్యం ఉండవలసిన చోట బొమ్మ ట్యాగు మాత్రమే ఉంటే, అక్కడ ఉన్నది తెలుగు పాఠం కాదు, దాని ఛాయాచిత్రం.

చూపులేని పాఠకులు

ఈ భేదం కొందరికి సౌకర్యానికి సంబంధించిన విషయం కావచ్చు. చూపులేనివారికి మాత్రం అది చదువుకు, ఉద్యోగానికి సంబంధించిన విషయం. వారు తెరచదువరి అనే సాఫ్ట్‌వేరు సహాయంతో జాలపుటను వింటారు. 2006లో ఆస్ట్రేలియాలో ప్రారంభమైన 'ఎన్‌విడిఎ' అనే తెరచదువరి ఉచితంగా లభిస్తున్నది. అది రంగులను చదవదు, అలంకారాన్ని చూడదు. పుట నిర్మాణాన్ని మాత్రమే చదువుతుంది.

నోటిఫికేషను బొమ్మరూపంలో ఉండి, దానికి వివరణ రాయకపోతే తెరచదువరి 'బొమ్మ' అని మాత్రమే పలికి ముందుకు సాగిపోతుంది. చివరి తేదీ ఏదో, అర్హత ఏమిటో ఆ విద్యార్థికి తెలియదు. శీర్షికను పెద్ద అక్షరాలతో అలంకరించి 'హెచ్ 1' ట్యాగు పెట్టకపోతే, శీర్షికల వెంట నడిచే శ్రోతకు దారి తప్పుతుంది. పుట భాష తెలుగు అని ప్రకటించకపోతే, తెలుగు వాక్యాన్ని మరొక భాష ఉచ్చారణతో చదివే ప్రమాదం ఉన్నది. పుట చూడటానికి ఎంత అందంగా ఉన్నదో రంగులు చెబుతాయి. అది ఎందరికి అందుతున్నదో నిర్మాణం చెబుతుంది.

మోసపు పుటలు

తిరుపతికి ప్రతిదినం వేలాది యాత్రికులు వస్తారు. వారిలో అనేకులు దర్శనం టిక్కెట్లు, వసతి గదులు అంతర్జాలంలోనే ముందుగా పొందుతారు. ఈ అవసరాన్ని ఆసరాగా చేసుకొని కొందరు మోసగాళ్లు నకిలీ పుటలను సృష్టిస్తున్నారు. వాటి విషయంలో అప్రమత్తంగా ఉండాలని తిరుమల తిరుపతి దేవస్థానములు పలుమార్లు భక్తులను హెచ్చరించింది.

నకిలీ పుట అసలు పుటవలెనే కనిపిస్తుంది. గోపుర చిత్రం, రంగులు, అక్షరాలు అన్నీ ఒకే విధంగా ఉంటాయి. ఆశ్చర్యపడవలసినది లేదు. అలంకారాన్ని కాపీ చేయడం తేలిక. కనుక మొదట చూడవలసినది చిరునామా. దేవస్థానం అధికారిక జాలస్థానం చిరునామా 'ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' అనే ప్రభుత్వ తోకతో ముగుస్తుంది. ఆ మాటలు చిరునామా మధ్యలో ఎక్కడో ఉంటే చాలదు. జాలస్థానం పేరు తరువాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు ముందు, ఆ పేరు చివర ఉండాలి. చిరునామా పక్కన తాళం గుర్తు కనిపించడం కూడ నమ్మకానికి చాలదు. మీరు పంపే సమాచారాన్ని దారిలో ఇతరులు చదవలేరని మాత్రమే అది తెలుపుతుంది. చేరవలసిన చోటుకే చేరుతున్నదని తెలుపదు.

తరువాత పరిశీలక సాధనం తోడ్పడుతుంది. లంకెపై ఉంచి పరిశీలిస్తే, తెరపై ఉన్న పేరు ఒకటి, అది దారితీసే చిరునామా మరొకటి కావడం బయటపడవచ్చు. వివరాలు నింపే ఫారం ట్యాగులో 'యాక్షన్' అనే చోట, ఆ వివరాలు ఎక్కడికి చేరతాయో తరచుగా రాసి ఉంటుంది. అక్కడ సంబంధం లేని చిరునామా ఉంటే వెంటనే ఆ పుటను మూసివేయాలి. అయితే జావాస్క్రిప్ట్ ద్వారా వివరాలను పంపే పుటలలో ఈ సంగతి ట్యాగులో కనబడదు. కాబట్టి లోపం కనబడలేదు గనుక పుట అసలుదే అని నిర్ణయించరాదు. సందేహం ఉన్నచోట వివరాలు నింపకపోవడమే ఉత్తమం. ధనం పోగొట్టుకున్నవారు 1930 అనే జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్యకు వెంటనే ఫోను చేయాలి.

హద్దులు

ప్రతి విద్యకూ ఒక మర్యాద ఉన్నది. పుట నిర్మాణాన్ని చూడటం పుస్తకం తెరచి చదవడం వంటిది. అది అందరికీ అనుమతించిన పని. కాని ఇతరుల రచనను, చిత్రాన్ని తీసి తమదిగా ప్రకటించుకోవడం చౌర్యం. ఇతరుల ఖాతాలోకి అనుమతి లేకుండా ప్రవేశించడానికి యత్నించడం శిక్షార్హమైన నేరం. సమాచార సాంకేతిక చట్టం 2000 నుంచి మన దేశంలో అమలులో ఉన్నది.

మరొక జాగ్రత్త కూడ అవసరం. పరిశీలక సాధనంలో 'కన్సోల్' అనే విభాగం ఉంటుంది. అక్కడ రాసిన ఆజ్ఞలను బ్రౌజరు వెంటనే పాటిస్తుంది. బహుమతి వస్తుందనో, దాచిన సమాచారం కనబడుతుందనో చెప్పి ఎవరైనా పంపిన ఆజ్ఞలను అక్కడ అతికించరాదు. అట్లా చేస్తే మన ఇంటి తాళంచెవిని మనమే అపరిచితుని చేతిలో పెట్టినట్లవుతుంది.

ముగింపు

తాళ్లపాక అన్నమాచార్యుల వేలాది సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయంలో భద్రపడ్డాయి. ప్రతి సంకీర్తనకూ తలపై రాగం పేరు చెక్కి ఉన్నది. శతాబ్దాల తరువాత ఇరవయ్యవ శతాబ్దిలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వాటిని చదివి, పరిష్కరించి లోకానికి అందించారు. రేకులు చెక్కినవారికీ, చదివినవారికీ నడుమ నాలుగు వందల ఏండ్లు గడిచాయి. అయినా ఆ పాట దక్కింది. చెక్కినవారు అక్షరాన్ని అక్షరంగానే చెక్కారు. ఏది రాగమో, ఏది పాటో గుర్తు పెట్టి విడదీశారు.

నేడు మనం రాసే ప్రతి జాలపుట ఒక రాగిరేకు. అందులో తెలుగు అక్షరంగా ఉన్నదా, వేషంగా ఉన్నదా? శీర్షిక శీర్షికగా ఉన్నదా? చూపులేని సహాధ్యాయికి అది అందుతుందా? ఈ ప్రశ్నలకు సమాధానం తెరపై దొరకదు. ఎఫ్ 12 కీ అవతల దొరుకుతుంది. ఆ కీ ప్రతి కంప్యూటరులోను ఉన్నది. నొక్కి చూసే జిజ్ఞాస మాత్రం మనలో ఉండాలి.

కఠిన పదాలు – అర్థాలు

అంతర్భాగం : లోపలి భాగం
ఉదంతం : వృత్తాంతం, జరిగిన సంగతి
ఔదార్యం : ఉదార గుణం, దాతృత్వం
అనుబంధం : ప్రధానమైన దానికి చేర్చిన అదనపు భాగం
అప్రమత్తం : ఏమరుపాటు లేకుండా ఉండటం
చౌర్యం : దొంగతనం
జిజ్ఞాస : తెలుసుకోవాలనే కోరిక
సహాధ్యాయి : తోటి విద్యార్థి
తెరచదువరి : తెరపై ఉన్న విషయాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేరు

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కలంకారీ వస్త్రానికీ, జాలపుటకూ గల పోలికను పాఠం ఆధారంగా వివరించండి.
2. సొంత ఫాంటుల నుంచి యూనికోడ్ వరకు అంతర్జాలంలో తెలుగు అక్షరం సాగించిన ప్రయాణాన్ని తెలపండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 'వ్యూ సోర్స్', 'ఇన్‌స్పెక్టర్' సాధనాల మధ్య భేదమేమిటి?
2. తెరచిత్రాన్ని సాక్ష్యంగా ఎందుకు స్వీకరించరాదు?
3. నకిలీ పుటలను గుర్తించడంలో పాటించవలసిన జాగ్రత్తలేవి?

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఉన్నది తెలుగు వేషం మాత్రమే.
2. అది ఎందరికి అందుతున్నదో నిర్మాణం చెబుతుంది.
3. నేడు మనం రాసే ప్రతి జాలపుట ఒక రాగిరేకు.

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. తెలుగు వికీపీడియా ఎప్పుడు ప్రారంభమైంది?
2. 'ఫైర్‌బగ్' రూపకర్త ఎవరు?
3. 'చిత్తూరు' అనే మాట యూనికోడ్‌లో ఎన్ని సంఖ్యలు?

V. సంధులు విడదీసి, పేర్లు తెలపండి.
1. విద్యార్థి = విద్య + అర్థి : సవర్ణదీర్ఘ సంధి
2. ఏమున్నది = ఏమి + ఉన్నది : ఇకార సంధి
3. సహాధ్యాయి = ........ + ........ : ........
4. అక్షరాకృతి = ........ + ........ : ........

VI. విగ్రహవాక్యాలు రాసి, సమాసాల పేర్లు తెలపండి.
1. నల్లగీత : నల్లనైన గీత – విశేషణ పూర్వపద కర్మధారయం
2. నదీతీరం : ........
3. రూపురేఖలు : ........

VII. ప్రాజెక్టు పని
మీకు తెలిసిన మూడు తెలుగు జాలపుటలను పరిశీలక సాధనంతో చూడండి. వాటిలో తెలుగు పాఠం అక్షరరూపంలో ఉన్నదా, బొమ్మరూపంలో ఉన్నదా, ప్రధాన శీర్షికకు తగిన ట్యాగు ఉన్నదా, భాష ప్రకటించి ఉన్నదా అనే అంశాలను పట్టికగా రాసి తరగతిలో చర్చించండి.